పాదరసం చెప్పని అంకెలు

ఎక్కడైనా పొద్దున్న ఎనిమిదింటికి వాచీ కూస్తే నా కుడిచెయ్యి ఇప్పటికీ పెన్సిలు కోసం తడుముకుంటుంది. పంతొమ్మిదేళ్ళు ఆ కూతతో పని మొదలుపెట్టిన చెయ్యి మరి. ఆ కూత మా సార్ మణికట్టు మీది వాచీది. చదరపు వాచీ, గీతలు పడ్డ అద్దం, పాత స్టీలు గొలుసు. అది కూయగానే సార్ జేబులోంచి ఒక మాత్ర తీసి మంచినీళ్ళతో మింగి, "బలానికి, అమ్మాయ్!" అనేవారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే డిటెక్టివ్ దగ్గర స్టెనోగా ఉండి, ఆ బలం మాత్ర ఏమిటో నేను ఒక్కసారీ అడగలేదు.

పోలీసు ఉద్యోగం మధ్యలో మానేసి డిటెక్టివ్ అయిన మనిషాయన. ఎందుకు మానేశారని అడిగితే, "కింది ఆఫీసరుతో పడలేదు" అని నవ్వేవారు. పై ఆఫీసరుతో పడనివాళ్ళని చూశాను గానీ కిందివాడితో పడక కుర్చీ వదిలేసినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆవేళ ఆ కూత వచ్చేసరికి మేము ఆఫీసులో లేము. హెచ్‌ఐవి క్లినిక్ మేడ మీద, సిస్టర్ గదిలో ఉన్నాం. పైకి మెట్లు పద్నాలుగు. సార్ రెండుసార్లు ఆగి గోడ మీది నోటీసులు శ్రద్ధగా చదవబట్టి లెక్కపెట్టాను. రెండో నోటీసు మూడేళ్ళ కిందటిది. వయసు మీదపడుతోంది, ఒప్పుకోరు, అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కేసు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇరవై రెండేళ్ళుగా హెచ్‌ఐవితో బతుకుతున్న, వాచీలు రిపేరు చేసే మాస్టారు తొమ్మిది రోజుల కిందట తెల్లవారాక ఊపిరాడక పోయారు. గుండె ఫెయిలైందని పోస్ట్‌మార్టంలో రాశారు. మరదలే చంపిందని మాస్టారి అన్నగారు పోలీసులకి కంప్లయింటు ఇచ్చాడు. చివరి ఆరు రోజులూ ఆవిడ భర్తకి బీపీ మాత్రలు వేసిన మాట నిజం. అవి డాక్టరు పద్నాలుగు నెలల కిందటే ఆపేసిన మాత్రలన్నదీ నిజమే. క్లినిక్ కార్డు చూస్తే నెలనెలా బీపీ నిక్షేపంగా ఉంది. నిక్షేపంగా ఉన్నవాడికి మాత్రలు వేసి బీపీ పాతాళానికి దింపేసిందని ఇన్‌స్పెక్టరు కేసు కట్టాడు. సాయంత్రం నాలుగింటికి ఆవిణ్ణి అరెస్టు చేస్తానని కబురు కూడా చేశాడు. మాకున్నది ఎనిమిది గంటలు.

"మెట్లెక్కి వచ్చారు, ముందు కూర్చోండి," అంది సిస్టర్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎదుటివాళ్ళ పెదాలకేసే చూస్తూ మాట్లాడుతుంది. పాతకాలపు మర్యాద అనుకున్నాను.

"మాస్టారి బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అన్నారు సార్.

"పోవడానికి పన్నెండు రోజుల ముందు. పదీ ఇరవైకి."

"ఎంతుంది?"

"నూట ఇరవై తొమ్మిది, ఎనభై మూడు. కార్డులో ఉంది."

"అంకెతో సహా గుర్తుందే!"

"ఆయన సంగతులన్నీ గుర్తే." సిస్టర్ చేతిలో కార్డులు ఆగాయి. "ఈ క్లినిక్ తెరిచిన రోజు వచ్చిన ఐదుగురిలో ఆయనొకడు. అప్పుడీ మేడ లేదు. కింద వరండాలో ఒక బల్ల, దాని మీద ఐదుగురు. ఇక్కడ పనిచేసేవాళ్ళే వాళ్ళ పక్కన నిలబడేవాళ్ళు కాదు. వాళ్ళకి గ్లాసులు వేరు, కుర్చీలు వేరు. నేను గ్లవ్స్ తీసేసి ఒకాయన చెయ్యి పట్టుకుంటే బావురుమన్నాడు. నన్నెవరైనా ముట్టుకుని ఆర్నెల్లయిందమ్మా, అని. అలాంటి రోజులవి. అయినా అవే బాగున్నాయేమో అనిపిస్తుంది. ఐదుగురే కదా, అందరి సంగతీ చూడగలిగేదాన్ని."

సార్ కిటికీలోంచి బయటికి చూశారు. గొంతు సవరించుకుని మళ్ళీ అడిగారు. "ఇప్పుడు రోజుకి ఎంతమంది?"

"అరవై మంది. ఒక్కోసారి డెబ్బై."

"అందరికీ బీపీ మీరే చూస్తారా?"

"నేనే. దీంతోనే." బల్ల మీది పాదరసం మిషను చూపించింది. పొడుగాటి గాజు గొట్టం, రబ్బరు బంతి, పక్కన స్టెతస్కోపు.

సరిగ్గా అప్పుడే సార్ వాచీ కూసింది. మందుల కోసం గుమ్మంలో నిలబడ్డ ఇద్దరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు. మూరెడు దూరంలో ఉన్న సిస్టర్ మాత్రం కార్డులు సర్దుకుంటూనే ఉంది. సార్ ఎప్పుడూ వెంటనే నొక్కేసేవారు. ఆవేళ నొక్కలేదు. అది ఇరవైసార్లు కూసి దానంతటదే ఆగింది. తర్వాత ఆయన లేచి, సిస్టర్ వీపు వెనక నిలబడి, మామూలు గొంతుతోనే అడిగారు.

"స్టెతస్కోపు కొత్తదా సిస్టర్?"

జవాబు లేదు. నేను నోరు తెరవబోతే వద్దన్నట్టు వేలు చూపించి, ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టారు. "వెళ్ళొస్తాం సిస్టర్."

"జాగ్రత్త బాబూ," అంది ఆవిడ. అప్పటిదాకా మీరు, మీరు అన్న మనిషి బాబూ అనడం నేను రాసుకున్నాను. అర్థం మాత్రం కాలేదు.

కిందికి వచ్చాక సార్ పాత వరండాలో బలం మాత్ర మింగి, గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డారు. అక్కడిప్పుడు బల్ల లేదు. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి.

మాస్టారి ఇంటికి వెళ్ళేసరికి పదిన్నర. ముందు గదే రిపేరు గది. కిటికీ దగ్గర ఎత్తు బల్ల, కంటికి పెట్టుకునే భూతద్దం, అరంగుళం సొరుగులు నలభై, పట్టకార్లు, సూదులు. వెనక గదిలో మంచం. ఆయన భార్య సార్‌ని చూడగానే లేచింది.

"నాలుగింటికి వస్తారట అన్నయ్యా. రెండు చీరలు సర్దుకున్నాను."

"సర్దినవి మళ్ళీ బీరువాలో పెట్టెయ్ చెల్లెమ్మా. ముందు నాకు చెప్పు, ఆ మాత్రలు ఎందుకు వేశావు?"

"తల పగిలిపోతోందనేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. పదయ్యా డాక్టరు దగ్గరికి పోదాం అంటే, ‘కార్డులో బాగుందిగా, ఏమని చెబుతాం’ అనేవాడు. ఇదివరకు బీపీ పెరిగినప్పుడూ ఇలాగే తలనొప్పి వచ్చేది. సొరుగులో పాత మాత్రలుంటే తీసి వేశాను. రోజుకొకటి. అంతే అన్నయ్యా. చేతులారా నేనే..." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సార్ ఆవిణ్ణి ఏడవనిచ్చారు. తర్వాత మెల్లగా, "బీపీ వచ్చిందని మొదటిసారి తెలిసిన రోజు ఏం చేశాడో స్టెనోగారికి చెప్పు," అన్నారు.

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి. "నాలుగేళ్ళ కిందటండీ. ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ‘ఏమే, నలభై దాటననుకున్నానే! నాకూ బీపీ వచ్చేంత వయసొచ్చిందే!’ అని వీధిలో అందరికీ టీలు పోయించాడు. ఎందుకయ్యా టీ అంటే ఒక్కడికీ చెప్పలేదు. డాక్టరేమో ఆయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ‘మందులు వైరస్‌ని పడుకోబెట్టాయి, పదిహేనేళ్ళుగా రక్తంలో కనబడటమే లేదు. కానీ అది రగిల్చిన వేడి ఒంట్లో నివురుగప్పి ఉంటుంది. అందుకే మీలాంటివాళ్ళకి బీపీ, గుండెజబ్బు మిగతావాళ్ళకంటే ముందే వస్తాయి. వైరస్‌ని గెలిచాం కదా అని గుండెని మర్చిపోవద్దు’ అన్నాడు. మా ఆయన మర్చిపోలేదండీ. మాత్ర ఒక్కరోజు తప్పలేదు, వాళ్ళు ఆపేదాకా."

"మాత్ర తప్పడమా!" అన్నారు సార్. "ఆ బల్ల మీద ఐదుగురికీ తప్పకుండా చేసింది వాడే."

"అవునండీ," అని నావైపు తిరిగింది ఆవిడ. "పాత వాచీలు ఐదు బాగుచేసి, ఎనిమిదింటికి కూసేట్టు పెట్టి, తలా ఒకటి ఇచ్చాడు. ఎవరు ఎక్కడున్నా ఒకేసారి వేసుకోవాలని. అందులో ముగ్గురు మొదట్లోనే పోయారు. ఇప్పుడు ఈయన. ఇక ఐదో ఆయన ఒక్కడే..." అని ఆగిపోయి, టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది. నేను పొల్లుపోకుండా రాసుకున్నాను. రాసుకోవడం వేరు, వినడం వేరు.

సార్ మంచం దగ్గరికి వెళ్ళారు. గోడకి చేరేసి మూడు దిండ్లు, ఒకదాని మీద ఒకటి. "మూడో దిండు కొత్తది. కూర్చుంటే తప్ప నిద్ర పట్టని మనిషి పక్క ఇది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఇలాగే ఉంటుంది," అని, మంచం కింది నుంచి చెప్పులు లాగారు. "అమ్మాయ్, ఆ భూతద్దం పట్రా."

చెప్పు పట్టీకి కంపెనీవాడు పెట్టిన బెజ్జాలు కాక, చివరి వైపు కొత్తవి నాలుగు ఉన్నాయి. ప్రతి బెజ్జం పక్కనా సూదితో గీసిన సన్నటి అంకెలు. వాచీలవాళ్ళ అలవాటట అది. ఏ వాచీ మూత విప్పినా, మళ్ళీ రిపేరుకొస్తే తెలియడానికి, లోపలివైపు తేదీ గీసి మూస్తారు. చెప్పుకి బెజ్జం పొడిచినా మాస్టారి చెయ్యి ఊరుకోలేదు. మొదటి తేదీ ఆయన పోవడానికి ఐదు నెలల ముందుది. రెండోది మూడు నెలలు, తర్వాతిది ఏడు వారాలు. ఆఖరిది పంతొమ్మిది రోజుల ముందుది.

"ఆవిడ మాత్ర మొదలుపెట్టింది ఆరు రోజుల ముందు. కాళ్ళ వాపు మొదలైంది ఐదు నెలల ముందు. రాసుకో," అన్నారు సార్. నేను రాసుకుంటూ ఆయన బూట్ల వైపు చూశాను. లేసులు విప్పేసి ఉన్నాయి. ముడి ఊడినట్టుంది అనుకున్నాను. బుద్ధి ఉందా నాకు?

రిపేరుకొచ్చిన వస్తువులు పెట్టే అలమర, ఎత్తు బల్ల దగ్గర కూర్చుంటే చేతికందేంత దూరంలో ఉంది. ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ. గోడగడియారాలు, చేతివాచీలు, వాటి వెనక ఎవరూ అటు చూడకుండా గుడ్డ కప్పిన తెల్లటి డబ్బా. గుడ్డ తీశాను. బ్యాటరీతో నడిచే బీపీ మిషను. చీటీ మీద మాస్టారి చీమకాళ్ళ దస్తూరీ. తేదీ పదిహేడు నెలల కిందటిది.

"క్లినిక్ మిషను. గాలి పంపు పోయింది. భాగం దొరకలేదు, వెతకాలి. అర్జెంటు. సిస్టర్‌కి చెవి సరిగ్గా వినబడదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

నేను పైకే చదివాను. సార్ అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చుండిపోయారు. "అందుకా," అన్నారు. "వాచీ ఇరవైసార్లు కూసినా అందుకే తిరగలేదు. స్టెతస్కోపులో ఆ చిన్న టకటక వినబడితేనే పాదరసంతో బీపీ చెప్పగలరు. ఈ మిషనుంటే చెవితో పని లేదు, అంకె అదే చూపిస్తుంది. ఇది పాడైన రోజు నుంచీ ఆవిడ..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయారు.

పూర్తి చేసింది నేనే. ఎందుకంటే మాస్టారి కార్డు నా ఒళ్ళో ఉంది, మా నాన్న కాంపౌండరు. చిన్నప్పుడు ఆయన పక్కన పీట వేసుకుని రబ్బరు బంతి నొక్కడం నా వంతు. గాజు గొట్టం మీద గీతకీ గీతకీ మధ్య తేడా రెండు. నూట ఇరవై, నూట ఇరవై రెండు, నూట ఇరవై నాలుగు. ఒకసారి నేను గొప్పకి పోయి నూట ఇరవై మూడు అంటే నాన్న నవ్వి, నెత్తి మీద మొట్టికాయ వేశాడు. "పాదరసం సరిసంఖ్యలే చెబుతుంది తల్లీ. బేసి చెప్పావంటే అది నువ్వన్న మాట, పాదరసం అన్నది కాదు." నాన్న చేతుల స్పిరిటు వాసన ఆ క్షణాన ఆ గదిలో వచ్చినట్టే అనిపించింది.

"సార్, కార్డు చూడండి. పదిహేడు నెలలు. 127/81. 131/79. 125/77. ఆఖరిది 129/83. పాదరసంతో చూసినవి కావు ఇవి. నెలనెలా 120/80 అని వేస్తే అనుమానం వస్తుందని బేసి అంకెలు వేసింది. ఒక్కటీ కొలిచింది కాదు సార్! మూడు నెలలు ఇవి చూసే డాక్టరు మాత్ర ఆపాడు."

"తెలిసి కూడా వీడు నోరు మూసుకున్నాడు," అన్నారు సార్. "ఇవాళో రేపో మిషను బాగుచేసి ఇచ్చేస్తే సరిపోతుందిలే అనుకున్నాడు. మాటిచ్చాడుగా, వెధవ." దీపం కింద చీకటంటే ఇదే. మాస్టార్ని బతికించగలిగిన మిషను పదిహేడు నెలలు ఆయన చేతికందేంత దూరంలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. నాకు ఆ సిస్టర్ మీద ఒళ్ళు మండిపోయింది. సార్‌కి మండలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

స్టేషన్‌కి చేరేసరికి మూడూ పది. ఇన్‌స్పెక్టరు మా సార్ దగ్గర కొత్తలో పనిచేసినవాడే. పడని కింది ఆఫీసరంటే ఇతనే. పాఠాలన్నీ సార్ దగ్గరే నేర్చుకుని వాటితోనే సార్‌ని పొడుస్తూ ఉంటాడు.

"రండి గురువుగారూ! టీ తాగండి. కేసు మాత్రం అడక్కండి."

"టీ వద్దు. కేసే కావాలి."

సార్ చెప్పులు బల్ల మీద పెట్టారు. నేను బీపీ మిషను, చీటీ, కార్డు పెట్టాను. పక్కనున్న కానిస్టేబులు కార్డుని జేబురుమాలుతో పట్టుకుని జరిపాడు.

"రుమాలెందుకు?" అన్నారు సార్. గొంతు పెద్దది చెయ్యలేదు. కానిస్టేబులు రుమాలు జేబులో పెట్టేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. మాట విననివాడు కాదు, అతనితో చిక్కే అది. "కాళ్ళ వాపు మాత్రకంటే ముందే వచ్చింది. సరే. కానీ వాపుకి సవాలక్ష కారణాలు. ఆ జబ్బొక్కటి చాలదూ?"

"ఏ జబ్బు?"

"అదే... ఆ జబ్బు."

"దానికి పేరుంది. హెచ్‌ఐవి. అను, నోరు కాలదు. అది వాణ్ణి చంపలేదు. ఇరవై రెండేళ్ళు దాన్ని గదిలో పెట్టి తాళం వేశాడు వాడు. చంపింది బీపీ. గుండె గోడ మందమెక్కి ఉందని మీ పోస్ట్‌మార్టంలోనే ఉంది. ఆరు రోజుల్లో గుండె గోడ మందమెక్కుతుందా? కార్డు అబద్ధం. కార్డు పోతే నీ కేసు పోయినట్టే."

"కార్డు ఒక్కటే గురువుగారూ. అదీ చచ్చిపోయినవాడిది. రాయడంలో పొరపాటంటుంది ఆ నర్సు. ఎవరిదో ఇంకో మిషను తెచ్చి చూశానంటుంది. చీటీ ఆ భార్యే రాసిందంటాడు కంప్లయింటిచ్చిన బావగారి లాయరు. ‘ఒకటైతే పొరపాటు, రెండైతే సాక్ష్యం’ అని నాకు నేర్పిందెవరు?" ముందుకి వంగాడు. "రెండో కార్డు తెండి. బతికున్న మనిషిది. కార్డులో ఒకటి, కొలిస్తే ఇంకోటి. నా కళ్ళ ముందు చూపించండి, అరెస్టు కాగితం నేనే చింపేస్తాను. తేగలరా? అక్కడి కార్డుల మీద పేర్లుండవు, నంబర్లే. కోర్టు ఆర్డరుకి నెల పడుతుంది. ఇక పోలీస్ స్టేషన్‌కి నడిచొచ్చి, నాకు హెచ్‌ఐవి ఉంది, కొలుచుకోండి, అనే మొనగాడెవడు?"

గోడగడియారం మూడూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. సార్ ఆ గడియారం వైపే చూశారు. తర్వాత చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టి, మూలలు అరిగిపోయిన ఆకుపచ్చ కార్డొకటి తీసి, మాస్టారి కార్డు పక్కన పెట్టారు.

"ఇదిగో, రెండోది. పదకొండు రోజుల కిందట చూశారు. 133/79."

ముందు నాకు అర్థం కాలేదు. ఎవరి దగ్గరో సంపాదించారనుకున్నాను. ఇన్‌స్పెక్టరుకి నాకంటే ముందే అర్థమైనట్టుంది, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎవరిది గురువుగారూ ఇది?"

"బల్ల మీద ఐదో వాడిది." సార్ చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నారు. "సిస్టర్ చెయ్యి పట్టుకుంటే బావురుమన్న వెధవ ఒకడున్నాడే, వాడిది. అమ్మాయ్, బీరువా మీద సిబ్బందికి బీపీ చూసే డబ్బా ఉంది, పాదరసానిదే. దించు. మీ నాన్నగారు నేర్పింది మర్చిపోలేదుగా?"

మర్చిపోలేదు. పట్టీ చుట్టాను. "కొలిచే ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి సార్," అన్నాను. నాన్న మాటే అది.

"అందుకేనా మీరు ఉద్యోగం మానేసింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను మీ మీద పైకి రాసిన కంప్లయింటు వల్ల అనుకున్నాను. ఇరవై ఏళ్ళు అదే అనుకున్నాను. చెప్పండి."

సార్ నావైపు చూపించి పెదాల మీద వేలు పెట్టుకున్నారు. మాట్లాడకూడదు కదా. ఇరవై ఏళ్ళు తప్పించుకున్న ప్రశ్నకి ఇంకో ఐదు నిమిషాలు గడువు దొరికింది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

ఆ ఐదు నిమిషాలూ నేను ఆయన వాచీ చూస్తూ గడిపాను. పట్టీ కట్టేటప్పుడు విప్పి నా చేతిలో పెట్టారు. వెనకవైపు తిప్పాను. మూత మీద సూదితో గీసిన సన్నటి చీమకాళ్ళ అంకెలు. ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ, దాని కింద ‘5’, దాని కింద ‘ఎనిమిది గంటలకి, మర్చిపోకు’. నేను పంతొమ్మిదేళ్ళు ఆ వాచీకి ఎదురుగా కూర్చున్నాను. జ్వరమొస్తే నాకు మందులు తెచ్చిచ్చిన మనిషి. మా నాన్న పోయిన రోజు నా పక్కన కదలకుండా కూర్చున్న మనిషి. ఈయన చెయ్యి ఎవరూ ముట్టుకోని ఆరు నెలలున్నాయని నాకు తెలియదు. ఆ ఆరు నెలలకి ఎవరి మీద కోప్పడాలో తెలియక ఏడుపొచ్చింది.

మూడూ ముప్పై ఆరు. స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని బంతి నొక్కాను. పాదరసం పైకి పాకింది. నెమ్మదిగా గాలి వదిలాను. నూట నలభైకి పైన ఏమీ వినబడకూడదు. రెండు వందల దగ్గరే టకటక మొదలైంది.

"198/116," అన్నాను. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. "196/114."

"సరిసంఖ్యలే," అన్నారు సార్.

ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి అరెస్టు కాగితం తీసి రెండుగా చింపాడు. కానిస్టేబులు వచ్చి, ఎవరూ చెప్పకుండానే, ఆకుపచ్చ కార్డుని ఉత్త చేత్తో తీసి సార్ జేబులో జాగ్రత్తగా పెట్టాడు.

"సిస్టర్ని ఏం చెయ్యమంటారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆవిడ జవాబు చెప్పాలి, చెబుతుంది. కానీ నేను కూడా వచ్చినప్పుడు అడుగుదువుగాని. గట్టిగా అరవకు, ఎదురుగా నిలబడి మాట్లాడు. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇవాళ అరవై మంది ఆ బల్ల దగ్గర అంకెలు రాయించుకుని ఇళ్ళకి వెళ్ళారు. అందరినీ వెనక్కి పిలవాలి. చెల్లెమ్మకి కూడా చెప్పు, చీరలు బీరువాలో పెట్టుకోమని." లేవబోయారు. సగం లేచి, బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ కూర్చున్నారు. పెదాలు నీలంగా కనిపించాయి. పొద్దున్న పద్నాలుగు మెట్ల మీద నోటీసులు చదువుతూ దాచిన ఆయాసమే ఇప్పుడు కూర్చున్న మనిషిలో వినబడుతోంది.

"జీపు తియ్యండి!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. "క్లినిక్కి కాదు, పెద్దాసుపత్రికి! ముందు ఈయన!" అంటూ కింద కూర్చుని తన చేతులతో సార్ బూట్లు విప్పాడు. మేజోళ్ళ అంచు చర్మంలోకి లోతుగా దిగి ఉంది.

నేను అలవాటుగా నోట్‌బుక్ తెరిచాను. సార్ నా పెన్సిలు మీద చెయ్యి వేశారు.

"అమ్మాయ్, పది రోజుల నుంచి నేను కూడా మూడు దిండ్ల మీదే పడుకుంటున్నాను."

నేనది రాసుకోలేదు. పంతొమ్మిదేళ్ళలో ఆయన చెప్పిన మాట రాసుకోకపోవడం అదే మొదటిసారి. వాచీ ఆయన చేతికి తిరిగి కట్టి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని జీపు ఎక్కాను.